గేటు లేని కరెంటు

ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర రైలు పట్టాల పైన సాగే తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. హౌరా వైపు నుంచి వచ్చి, హిజిలీ దాటి, బాలాసోర్ మీదుగా పూరీకి, ఇంకా కిందికి మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖలకు పోయే దారి అది. బీఎన్‌ఆర్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) కాలంలో ఆ దారి పట్టుకునే మన తాతలు ఇక్కడికి వచ్చి వర్క్‌షాపులో, లోకో షెడ్డులో, యార్డులో పనికి కుదిరారు. 1960లలో పట్టాల మీదికి కరెంటు వచ్చాక ఆ కుటుంబాలకు ఒక సంగతి బాగా ఒంటబట్టింది. ఈ కరెంటును మనం ముట్టుకోనక్కరలేదు. దగ్గరికి పోతే చాలు, అదే మన మీదికి వస్తుంది.

అందుకే ఆ తీగకు 2 మీటర్ల లోపల పని చేయాలంటే పవర్ బ్లాక్ తీసుకోవాలని, అంటే ముందుగా కరెంటు ఆపించాలని, రైల్వే కట్టడి పెట్టింది. బ్లాక్ దొరికినంత మాత్రాన పని మొదలుపెట్టకూడదు. పక్క లైనులో కరెంటు పారుతుంటే, ఆపేసిన తీగలో కూడా కరెంటు పుడుతుంది. రెండింటి మధ్య ఉన్నది ఒట్టి గాలే అయినా పుడుతుంది. పని జరిగే చోటికి అటొకటి ఇటొకటి డిశ్చార్జ్ రాడ్లు తగిలించి, తీగను భూమికి కలిపాకే మనిషి పైకి ఎక్కాలి. రిటైరైన లైన్‌మన్‌ ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. పట్టాల వెంట స్తంభాల మీద సాగిన పాత టెలిఫోను తీగలను భూమిలోపలి కేబుళ్ళకు మార్చవలసి వచ్చింది కూడా ఈ కారణంతోనే. ఎవరూ పంపకుండానే వాటిలోకి కరెంటు వచ్చి చేరేది.

ఇన్ని కట్టుబాట్లు ఉన్నా ఏం జరగగలదో 2022 డిసెంబర్‌లో ఇదే ఖరగ్‌పూర్ స్టేషన్‌లో చూశాం. ప్లాట్‌ఫారం మీద తోటి ఉద్యోగితో మాట్లాడుతూ నిలబడ్డ ఒక టికెట్ తనిఖీ ఉద్యోగి తల మీద పైనుంచి వైరుముక్క పడింది. మెరుపు లేచింది. ఆయన వెనక్కి ఒరిగి పట్టాల మధ్య పడిపోయారు. అదృష్టం బాగుండి ప్రాణాలతో బయటపడ్డారు. ఆ వైరును ఏదో పక్షి తెచ్చి ఉంటుందని రైల్వే అధికారులు చెప్పారు. ఏ రూల్ బుక్కూ ఊహించని పక్షి అది.

రైలు తీగల ముచ్చట ఇంత దూరం ఎందుకంటే, గాలిలో నడిచే కరెంటు ఇప్పుడు మన ఇంటి గదిలోకి రావాలని చూస్తోంది. ఈసారి ఎర్ర అక్షరాల బోర్డుతో కాదు, సౌకర్యం పేరుతో. ప్లగ్గు అక్కరలేదు, చార్జర్ అక్కరలేదు. గదిలోకి అడుగుపెడితే జేబులోని ఫోను, చేతి గడియారం, చెవి యంత్రం, గోడ మీది చిన్న దీపం, తలుపు దగ్గరి కెమెరా అన్నీ వాటంతటవే చార్జ్ అవుతుంటాయి. ఇది కల్పన కాదు. పరిశోధనశాలల్లో చేసి చూపించిన పని. అంగళ్ళలోకి ఇంకా రాలేదు కాబట్టే దీని గురించి ఇప్పుడు మాట్లాడాలి. వచ్చాక మాట్లాడితే ఎవరూ వినరు.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. కబురు మోయడం వేరు, బరువు మోయడం వేరు. 1895లో కలకత్తా టౌన్ హాల్‌లో జగదీశ్ చంద్ర బోస్ కంటికి కనపడని తరంగాలను గోడలు దాటించి అవతల గంట మోగించారు, తుపాకిమందు పేల్చారు. చూసినవాళ్ళు నివ్వెరపోయారు. కానీ ఆ తరంగం మోసింది కబురు మాత్రమే. గంటను కదిలించిన శక్తి ఆ గంట పక్కనే ఉంది. రేడియో, టీవీ, సెల్‌ఫోను అన్నీ ఆ దారిలోనివే. వాటి తరంగాలు మన దాకా వచ్చేసరికి వాటిలో ఉండే శక్తి అతి స్వల్పం. కబురుకు అంత చాలు. నికోలా టెస్లా ఆశ వేరు. ఆయన శక్తినే గాలిలో పంపాలనుకున్నారు. 1901లో న్యూయార్క్ దగ్గర వార్డెన్‌క్లిఫ్‌లో పెద్ద గోపురం మొదలుపెట్టారు. డబ్బు పెట్టిన జె.పి. మోర్గన్ తర్వాత చేయి వెనక్కి తీసుకున్నారు. 1917లో ఆ గోపురాన్ని కూల్చేశారు. 2007లో ఎంఐటీలో మారిన్ సొల్యాచిచ్ బృందం రెండు రాగి చుట్టల మధ్య 2 మీటర్ల దూరంలో 60 వాట్ల బల్బు వెలిగించడంతో ఆ ఆశ మళ్ళీ లేచింది. పంపిన శక్తిలో బల్బుకు చేరింది దాదాపు 40 శాతం.

స్వల్పమైన శక్తిని గాలిలో పంపడం మనకు కొత్త కాదు, తప్పూ కాదు. కారు అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. టోల్ గేటు దగ్గరి యంత్రం పంపే రేడియో తరంగం నుంచే అది తనకు కావలసిన కాస్త శక్తిని తీసుకుని జవాబు పంపుతుంది. గోడలో పెట్టిన ఒక తేమ కొలిచే పరికరాన్నో, వంతెన కింద బిగించిన ఒక సెన్సార్‌నో ఇలా నడిపిస్తే మేలే. బ్యాటరీలు మార్చి పారేసే చెత్త తగ్గుతుంది. మా హెచ్చరిక దాని గురించి కాదు. ఆ కాస్త శక్తితో తృప్తి పడకుండా ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు, దీపాలకు సరిపోయేంత కరెంటును మనుషులు కూర్చుని, పడుకుని, పిల్లలను ఆడించుకునే గదిలో నింపాలనుకోవడం గురించి.

ఆ పని చేసిన గదులు ఎలా ఉన్నాయో చూడాలి. 2017లో డిస్నీ రీసెర్చ్ పరిశోధకులు 54 ఘనమీటర్ల గదిని కట్టారు. గోడలు, కప్పు, నేల అన్నీ అల్యూమినియం రేకులు. నడిమధ్యన నిలువుగా ఒక రాగి స్తంభం. 1.32 మెగాహెర్ట్జ్ కరెంటుతో గదినిండా అయస్కాంత క్షేత్రం నింపితే దాదాపు ఎక్కడ పెట్టిన ఫోనైనా చార్జ్ అయింది. ఆ ఫ్రీక్వెన్సీ మన పాత రేడియోలో మీడియం వేవ్ ముల్లు తిరిగే చోటే. 1,900 వాట్ల వరకు పంపవచ్చని లెక్క కట్టారు. అయితే ఆ లెక్కకు ఒక షరతు ఉంది. మనిషి ఆ స్తంభానికి దాదాపు అర మీటరు కన్నా దగ్గరగా రాకూడదు. 2021లో టోక్యో, మిషిగన్ విశ్వవిద్యాలయాల బృందం మూడు మీటర్లకు మూడు మీటర్ల గదిలో 50 వాట్లకు పైగా అందించవచ్చని చూపించింది. అక్కడా గోడలకు లోహం తప్పలేదు.

ఇవి నిజాయితీగల పరిశోధనలు. షరతులను దాచకుండా రాశారు. మా భయం ఆ షరతులు గది మారినప్పుడు ఏమవుతాయన్నది. మథురాకాటిలోనో, నీంపురాలోనో ఒక పాత రైల్వే క్వార్టర్‌ను తలచుకోండి. పదడుగుల గది. ఒక ఇనప మంచం, ఒక స్టీలు బీరువా, గోడకు స్టీలు గిన్నెల స్టాండు, కిటికీకి ఇనప చువ్వలు, మూలన కుట్టుమిషను. రాత్రి నలుగురైదుగురు పక్కపక్కనే పడుకుంటారు. ఎవరు దేనికి అర మీటరు దూరంలో ఉండగలరు? పరిశోధనశాలలో క్షేత్రం ఎక్కడ ఎంత ఉండాలో లోహపు గోడలు నిర్ణయించాయి. ఇక్కడ దాన్ని బీరువా, మంచం, చువ్వలు తలొక దారికి లాగుతాయి. మాసిపోయిన సున్నపు గోడ దాన్ని ఆపదు. గోడ అవతల పక్కింటివాళ్ళ మంచం ఉంటుంది. ఆ యంత్రం కొన్నది మనం, దాని క్షేత్రంలో పడుకునేది వాళ్ళు. వాళ్ళను ఎవరూ అడగరు.

పెద్ద లోహపు వస్తువులతో ఇంకో చిక్కు ఉంది. ఇలాంటి క్షేత్రంలో వాటిలోనూ కరెంటు పుడుతుంది. మనిషి వాటిని ముట్టుకున్నప్పుడు ఒంట్లోకి దిగుతుంది. తీవ్రంగా ఉంటే వేలు కాలుతుంది. ఈ రంగంలో చాలా దేశాలు అనుసరించే ఐసీఎన్‌ఐఆర్‌పీ సంస్థ 2020లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. ఇలా ముట్టుకుంటే పారే కరెంటు గురించి సూచనలు చెప్పింది గాని కచ్చితమైన హద్దు పెట్టలేదు. అంటే ఆ బాధ్యత యంత్రం పెట్టినవాళ్ళ మీద, ఇంటివాళ్ళ మీద పడుతుంది.

ఇక మన ఒంటి మీది లోహం. దీని గురించి ఎవరైనా మాట్లాడగా మేము వినలేదు. అందుకే కాస్త ఎక్కువ చెబుతాం. మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రంలో లోహపు వలయం ఏదైనా పెడితే దానిలో కరెంటు తిరుగుతుంది. తిరిగిన కరెంటు వలయాన్ని వేడెక్కిస్తుంది. ఇది భౌతికశాస్త్రంలో మొదటి పాఠం. ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె వేడెక్కేది ఇందుకే. ఇప్పుడు మన ఇంట్లో ఒక ఆడమనిషిని చూడండి. చేతులకు బంగారు గాజులు, వేలికి ఉంగరం, కాళ్ళకు పట్టీలు, రెండో వేళ్ళకు మెట్టెలు. ఒక్కొక్కటీ ఒక వలయం. మెట్టె చర్మాన్ని ఒత్తుకుని ఉంటుంది, ఏళ్ళ తరబడి తీయరు. ఉగ్గు తాగే పిల్లకు కాళ్ళకు వెండి కడియాలు, మొలకు వెండి మొలతాడు. వేడెక్కినా ఆ పిల్ల ఏడవగలదు తప్ప ఏమిటో చెప్పలేదు. క్షేత్రం బలహీనంగా ఉంటే ఏమీ తెలియదు, నిజమే. బలం పెరిగే కొద్దీ, వలయం పెద్దదయ్యే కొద్దీ తెలుస్తుంది. ఎంత బలం దగ్గర మెట్టె కింద చర్మం కందుతుందో కొలిచి చెప్పాలి. గది భద్రతను లెక్కగట్టడానికి వాడేది సాధారణంగా కంప్యూటర్‌లోని మనిషి నమూనా. దానికి కండ ఉంటుంది, ఎముక ఉంటుంది. మెట్టెలు, గాజులు పెట్టి కొలిచారా అని అడిగే హక్కు మనకుంది. ఎంఆర్‌ఐ గదిలోకి పోయేముందు నగలన్నీ తీయిస్తారు. ఆ గదిలో ఉండేది కాసేపే. సొంత ఇంట్లో, పగలూ రాత్రీ, తాళిబొట్టు తీసి పెట్టి కూర్చోమని ఎవరు ఎవరికి చెబుతారు?

గుండెకు పేస్‌మేకర్ పెట్టుకున్నవాళ్ళ సంగతి ఇంతకన్నా సూటిగా ఉంది. ఫోను వెనక అయస్కాంతంతో అతుక్కునే చార్జర్ల గురించి ఆపిల్ సంస్థే 2021లో తన వినియోగదారులకు జాగ్రత్త చెప్పింది. ఫోనును గుండె పరికరానికి 15 సెంటీమీటర్లకు పైగా, వైర్‌లెస్‌గా చార్జ్ అవుతున్నప్పుడు 30 సెంటీమీటర్లకు పైగా దూరంలో ఉంచాలని ఆ హెచ్చరిక. అరచేయంత చార్జర్‌కు ఒక దూరం చెప్పగలిగారు. చార్జర్ గది అంత అయినప్పుడు దూరం అనే మాటకే అర్థం పోతుంది. వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరై, పేస్‌మేకర్‌తో ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్న మామయ్యను ఎన్ని సెంటీమీటర్లు జరగమని చెప్పాలి? మనవడి ఫోను కోసం ఆయన వీధి అరుగు మీదికి పోవాలా?

అయస్కాంత క్షేత్రం కాకుండా రేడియో తరంగాలతో దూరం నుంచి చార్జ్ చేసే దారి ఇంకొకటి ఉంది. 2021 జనవరిలో షావోమీ సంస్థ 144 చిన్న యాంటెన్నాలున్న పెట్టె ఒకటి చూపించి, కొన్ని మీటర్ల దూరంలోని ఫోనుకు 5 వాట్లు పంపుతామని ప్రకటించింది. ఈ దారి ఎంత ఇరుకైనదో చిన్న లెక్కతో తెలుస్తుంది. 100 వాట్ల తరంగాన్ని అన్ని వైపులకూ సమానంగా వదిలితే, 3 మీటర్ల దూరంలో ఫోను వెనకభాగమంత జాగా మీద పడేది దాదాపు 9 మిల్లీవాట్లు. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ దానితో నిండాలంటే మూడు నెలలు పడుతుంది. కాబట్టి తరంగాన్ని చెదరనీయకుండా టార్చి వెలుగులా ఫోను మీదికే గురిపెట్టాలి. అరచేయంత జాగా మీద, అంటే సుమారు 100 చదరపు సెంటీమీటర్లలో 5 వాట్లు పడితే, ఆ తీవ్రత చదరపు మీటరుకు 500 వాట్లు. ఒళ్ళంతటి మీద పడే తరంగాలకు 2 గిగాహెర్ట్జ్ పైన ఐసీఎన్‌ఐఆర్‌పీ సామాన్య ప్రజలకు పెట్టిన హద్దు చదరపు మీటరుకు 10 వాట్లు. మన దేశంలో సెల్ టవర్లకు 2012లో పెట్టిన హద్దు అందులో పదో వంతు, 1 వాటు. ఫోను దగ్గర ఉండే తీవ్రత టవర్ హద్దుకు 500 రెట్లు.

ఆ దారికి ఎవరైనా అడ్డం వస్తే యంత్రం గుర్తించి దానంతట అదే ఆగిపోతుందని చెబుతారు. ఆగాలి కూడా. కాని ఆ పూచీ మొత్తం ఒక సాఫ్ట్‌వేర్ మీద ఉంది. పాకే పిల్లను అది గుర్తిస్తుందా? దుప్పటి ముసుగు తన్ని పడుకున్న ముసలమ్మను? వోల్టేజీ పడిపోయి లేచినప్పుడు ఎలా నడుచుకుంటుంది? అసలు కంపెనీ యంత్రం ఆగవచ్చు. దాని నకలు ఆగుతుందని ఎవరు హామీ? ముద్ర లేని చార్జర్లు, పేలే బ్యాటరీలు మన బజార్లలో ఎంత తేలికగా దొరుకుతాయో అందరికీ తెలుసు. ముద్ర లేని చార్జర్ చెడితే ఒక ప్లగ్గు కాలుతుంది. ఇది చెడితే చెడిందని కూడా తెలియదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ తరంగాలతో క్యాన్సర్ వస్తుందని మేము అనడం లేదు. అలాంటి పుకార్లను ఈ పేజీ మోయదు. రుజువైన హాని రెండు రకాలు. క్షేత్రం బలమైనదైతే ఒళ్ళు వేడెక్కుతుంది, తక్కువ ఫ్రీక్వెన్సీలలో నరాలు ఉలిక్కిపడతాయి. ఈ రెండింటికీ హద్దులు తెలుసు, కొలిచే పరికరాలూ ఉన్నాయి. తెలిసిన హద్దును ఎవరూ కొలవకుండా వదిలేయడమే అసలు ప్రమాదం.

సెల్ టవర్ల విషయంలో ఇదే చేశాం. డాబాల మీద టవర్లు వరసగా లేచాక 2008లో కేంద్రం అంతర్జాతీయ హద్దులను తీసుకుంది. జనం గగ్గోలు పెట్టాక, 2012 సెప్టెంబర్ 1 నుంచి వాటిని పదో వంతుకు తగ్గించింది. ఆ మధ్యకాలంలో పుట్టిన భయం ఇప్పటికీ పోలేదు. శాస్త్రం ఏం చెప్పినా నమ్మని స్థితికి చాలామంది వచ్చారు. నిబంధన ఆలస్యమైతే జనం ఆరోగ్యానికే కాదు, నమ్మకానికి కూడా దెబ్బ. కొత్త సాంకేతికతను ప్రేమించేవాళ్ళు ముందుగా నిబంధన అడగాలి.

ఖర్చు గురించి నాలుగు మాటలు. ఫోను బ్యాటరీని రోజూ నింపితే ఏడాదికి అది తీసుకునే కరెంటు 7 యూనిట్ల చిల్లర. గదిలో 50 వాట్ల యంత్రం పగలూ రాత్రీ నడిస్తే ఏడాదికి 438 యూనిట్లు. ఫోను గదిలో లేనప్పుడు ఆపేస్తే తగ్గుతుంది, కాని ప్లగ్గు మాట మరిచిపొమ్మన్నదే దీని ఆకర్షణ కదా. ఆ తేడా అంతా కోలాఘాట్ లాంటి చోట బొగ్గు కాల్చి, బూడిద పోగేసి తేవలసిన కరెంటు.

కేంద్ర టెలికం శాఖ, భారతీయ ప్రమాణాల సంస్థ ఈ యంత్రాలకు ప్రత్యేకమైన పరీక్ష పెట్టాలి. అల్యూమినియం గోడల మధ్య కాదు, ఇనప మంచం, బీరువా ఉన్న గదిలో కొలవాలి. గాజులు, మెట్టెలు, పసిపిల్లల కడియాలు పెట్టి కొలవాలి. పేస్‌మేకర్‌తో కొలవాలి. యంత్రం నడుస్తోందని కంటికి కనపడే దీపం, చేతికి అందే స్విచ్ తప్పనిసరి చేయాలి. ఫోనులో యాప్ తెరిచి ఆపమనే పద్ధతి ఇంట్లో ఫోను వాడని పెద్దవాళ్ళకు పనికిరాదు. కరెంటు తీగలున్న లెవెల్ క్రాసింగ్‌కు ముందు, రోడ్డుకు అడ్డంగా, 4.67 మీటర్ల ఎత్తున రైల్వే ఒక హైట్ గేజ్ కడుతుంది. దానికి కరెంటు ఉండదు. ఎత్తు మించిన లారీ ముందు దాన్ని గుద్దుకుని ఆగుతుంది, తీగ దాకా పోదు. ఇంటి యంత్రానికీ అలాంటి అడ్డు ఉండాలి. ఏదైనా తప్పితే సాఫ్ట్‌వేర్ ఆలోచించి ఆపేది కాదు, ఫ్యూజులా తెగిపోయి ఆగేది.

హెచ్చరికలు మన భాషలో ఉండాలి. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు ఎన్నో ఏళ్ళు అడిగిన మాట అది. ఆ గౌరవం సభల్లో చదివే అభినందన పత్రంతో ఆగిపోకూడదు. గుండె ఆపరేషను అయిన మనిషి ఈ యంత్రానికి ఎంత దూరంలో ఉండాలో పెట్టె మీద తెలుగులో, బాంగ్లాలో, హిందీలో రాసి ఉండాలి. ఇంగ్లీషులో, చీనీ భాషలో మాత్రమే రాసిన కాగితం మన ఇంటి పెద్దావిడకు హెచ్చరిక కిందికి రాదు.

పూరీ గేట్ ఫ్లైఓవర్ దిగి కాస్త దూరం పోతే ఐఐటీ. 1951లో హిజిలీ నిర్బంధ శిబిరంలో మొదలైన ఆ సంస్థలో ఇలాంటి క్షేత్రాలను కొలవగల ప్రయోగశాలలు, అధ్యాపకులు ఉన్నారు. గేటుకు ఇవతల ఇలాంటి గదుల్లోనే బతుకుతున్న కుటుంబాలు ఉన్నాయి. ఈ రెంటినీ కలిపి, ఖాళీ క్వార్టర్ ఒకటి తీసుకుని, ఇంటి సామానంతా దానిలో పెట్టి, ముందుగా మనుషులు లేకుండా కొలిచి ఆ అంకెలను ప్రజల ముందు పెట్టడం కష్టమైన పని కాదు. రైల్వే క్వార్టర్ ఇవ్వగలదు, ఐఐటీ కొలవగలదు. ఆ అంకెలు బాగుంటే మేమే ఈ పేజీలో అచ్చు వేస్తాం.

అప్పటి దాకా, గోల్ బజార్‌లోనో ఆన్‌లైన్‌లోనో గది మొత్తాన్ని చార్జ్ చేస్తుందని ఎవరైనా ఒక పెట్టె అమ్మజూపితే కొనకండి. ఇప్పటికే ఇంట్లో ఉన్న వైర్‌లెస్ చార్జింగ్ పళ్ళేలను తలగడ పక్కన, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళ మంచం దగ్గర పెట్టకండి. వాటి మీద తాళంచెవులు, నాణేలు, ఉంగరాలు ఉంచకండి. ఇంట్లో ఎవరికైనా గుండె పరికరం ఉంటే, ఈసారి ఆసుపత్రికి చెకప్‌కు వెళ్ళినప్పుడు పరికరం కార్డు వెంట తీసుకుపోయి, ఏ చార్జర్‌కు ఎంత దూరం ఉండాలో డాక్టరు చేత దాని వెనక రాయించుకోండి.